ఓదెలుకు చలేస్తోంది

14వ వారం, మంగళవారం

ఇవాళ సూదుల రోజు. రెండు వందల పద్నాలుగు మంది మగవాళ్ళు, రెండు వందల పద్నాలుగు గ్రోత్ హార్మోన్ సూదులు. మా గనిలో ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు, ఎదుగు సూది అంటారు. యాభై దాటినవాళ్ళు ఇంకా ఎటు ఎదుగుతారని మొదట్లో అడిగాను. "అడ్డంగ ఎదుగుతరక్కా" అంది నర్సు సరోజన. నిజం చెప్పాలంటే ఎదిగారు. వంగిన నడుములు లేచాయి, బొజ్జలు తగ్గి భుజాలు వచ్చాయి. పంపుల దగ్గర ఊట నీళ్ళు తోడడానికి కుర్రవాళ్ళు చాలక, ఉన్నవాళ్ళనే ఇరవై ఏళ్ళు వెనక్కి జరపాలని కమిటీ ఆలోచన. ఆడవాళ్ళకు ఈ సూది లేదు. వాళ్ళు ఎలాగూ పని మానరు కదా అని కాబోలు.

పరీక్షల గదిలో అంకెలన్నీ యంత్రమే రాసుకుంటుంది. మనిషి రాయాల్సింది 'గమనిక' అనే చిన్న గడి ఒక్కటే. నా ముందు ఈ ఉద్యోగం చేసినాయన తొమ్మిదేళ్ళూ ఆ గడిలో 'ఏమీ లేదు' అని రాశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. అంత నమ్మకం నాకు దేని మీదా లేదు, అందుకని గడి దాటి రాస్తుంటాను. ఎవరూ చదవరు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇవాళ నమూనాలు: ముప్ఫై ఎనిమిది. అన్నీ పచ్చ దీపమే.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆయన ఓదెలు పెట్టెలన్నీ బయటికి లాగి కూర్చున్నాడు.

"స్వరూపా, గొంగడి యాడ వెట్టినవే?"

"గొంగడా? ఫ్యాన్లు తిరిగినా ముప్పై నాలుగు డిగ్రీలున్నది. గొంగడెందుకయ్యా?"

"సలేస్తుంది."

"సలి గాదు అది, షిఫ్టు ఎగ్గొట్టేటందుకు సాకు."

నవ్వలేదు. గొంగడి దొరికాక కప్పుకుని పడుకున్నాడు. నా ఒంటి మీద చీర చెమటకు అతుక్కుపోయి ఉంది. అలా పక్కపక్కనే రెండు ఋతువులు పడుకున్నాం.

17వ వారం, శుక్రవారం

ఓదెలుకు సగం మస్టర్ పడింది. ఇది రెండోది.

ఈ పుస్తకం ఏ కాలంవాళ్ళ చేతిలో పడుతుందో తెలియదు కనుక రాస్తున్నాను. పూర్వం బొగ్గు తవ్విన ఈ సొరంగాల్లోకి మేం కాపురం వచ్చాక మస్టర్ అనే పాత హాజరు పద్ధతి పోలేదు, కొత్త కోరలు తొడుక్కుంది. షిఫ్టుకు ముందు ప్రతి మగవాడూ ఏటవాలు దారిలో మూడు వందల మెట్లు తొమ్మిది నిమిషాల్లో ఎక్కాలి. ఆలస్యమైతే సగం హాజరు. మూడు సగాలు పడితే సూది డోసు పెంచుతారు. రెండుసార్లు పెంచినా నడక మారకపోతే 'పై షిఫ్టు'. అంటే నేల మీద, యాభై రెండు డిగ్రీల ఎండలో సౌర పలకలు తుడవడం. పై షిఫ్టుకు పోయినవాళ్ళు తిరిగి రారని కాదు. వస్తారు. వచ్చాక ఎక్కువ కాలం ఉండరు.

మస్టర్ దగ్గర గడియారం పట్టుకునేది షిఫ్టు మీద పెత్తనం చేసే ఓవర్‌మన్ కిష్టస్వామి. నమూనాల పెట్టె తేవడానికి వెళ్ళి ఆయన మాట నా చెవులతోనే విన్నాను.

"ఏం ఓదెలూ, పీనుగ ముంగట నడుస్తున్నవా? గంత మెల్లగేంది?"

"కాళ్ళు బరువున్నయి సారూ."

"బరువు కాళ్ళల్ల లేదురా, మనసుల ఉన్నది. నా ఒంటికి గూడ బరువే, నేను నడుస్తలేనా?"

అందరూ నవ్వారు. ఓదెలు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. జోకు అతనిదాకా చేరడానికి రెండు మెట్లు ఎక్కువ పట్టినట్టు.

20వ వారం, మంగళవారం

మూడో సగం మస్టర్ కూడా పడింది. డోసు పెంచారు. సరోజన సూది వేసి "ఇగ పరుగే పరుగు బావా" అంది.

పరుగు లేదు. ముఖం మాత్రం నిండింది. కళ్ళ కింద సంచులు, బుగ్గల్లో నునుపు. పక్కింటామె "సూది మంచిగ పట్టిందమ్మా మీ ఆయనకు, పెండ్లికొడుకు లెక్కున్నడు" అని మెచ్చుకుంది. గొంతు బొంగురుపోయింది. స్నానం మానేశాడు, నీళ్ళు చల్లగా ఉన్నాయట. నిన్న పంపుగది తాళం ఎక్కడ పెట్టాడో మరిచిపోయి అరగంట వెతికాడు. అది చేతిలోనే ఉంది.

అతని రక్తం నేనే పరీక్షకు పెట్టాను. థైరాయిడ్ గడిలో టీఎస్‌హెచ్ 1.9. పచ్చ దీపం. యంత్రానికి సందేహం లేదు. సందేహం యంత్రానిది కానప్పుడు నాదే కావాలి కదా, ఎవరో ఒకరు మోయాలి.

21వ వారం, గురువారం

వరంగల్‌లో ఎమ్మెస్సీ చదివిన రోజుల్లో ఒక మేడం ఉండేది. పాఠం మధ్యలో వంటింటికి వెళ్ళిపోయేది. థైరాయిడ్ గురించి ఆమె చెప్పింది ఇవాళ బట్టలు పిండుతుంటే గుర్తొచ్చింది.

మెడలోని గ్రంథి చేసే టీ4 అనేది పెరట్లో పేర్చిన కట్టెలు. ఒళ్ళు దాన్ని టీ3గా మార్చుకుంటుంది, అది పొయ్యిలో మంట. కట్టెలు తగ్గుతున్నాయని చూసి ఇంకా పంపమని కబురు పెట్టేది మెదడు కింద ఉండే పిట్యూటరీ. ఆ కబురే టీఎస్‌హెచ్. గ్రోత్ హార్మోన్ ఇస్తే కట్టెలు మామూలు కంటే త్వరగా మంటలోకి పోతాయి. ఆరోగ్యంగా ఉన్నవాడికి దానితో ఇబ్బంది లేదు, టీ4 కొంచెం దిగి, టీ3 కొంచెం లేచి, ఎక్కడో ఒకచోట సర్దుకుంటుంది. కానీ కబురు పెట్టాల్సిన పిట్యూటరీయే అప్పటికే నీరసపడి ఉంటే? పెరడు ఖాళీ అవుతుంది. కబురు వెళ్ళదు. మనం కబుర్లు మాత్రమే లెక్కపెడుతూ, ఎక్కువ కబుర్లు రాలేదు కాబట్టి పెరటి నిండా కట్టెలున్నాయని రాసుకుంటాం. పచ్చ దీపం వెలిగిస్తాం.

ఓదెలుకు టీ4 చూడాలి. యంత్రంలో అతని పేరు కొట్టాను. 'ఈ పరీక్ష స్త్రీల వరుసకు మాత్రమే' అంది.

సరోజనను అడిగితే అసలు సంగతి చెప్పింది. మందులు కరువైన ఏడు కమిటీ తీర్మానం చేసిందట: థైరాయిడ్ ఆడవాళ్ళ జబ్బు కనుక టీ4, టీ3 పరీక్షలూ గోలీలూ వాళ్ళకే. మగవాళ్ళకు మర్యాద కోసం టీఎస్‌హెచ్ ఒక్కటి ఉంచారు.

"మొగోళ్ళకు థైరాయిడ్ ఏందక్కా? రేపు నెలసరి గూడ వస్తదంటవా?"

"రాదు. గనీ మెడకాయ వాళ్ళకు గూడ ఉన్నది గదా సరోజనా."

"ఉన్నది. అది ఒంచనీకెనే" అంది.

22వ వారం, మంగళవారం

నిన్న చేశాను. ఓదెలు రక్తం, నా పేరు. సీసా మీద 'స్వరూప, 46, స్త్రీ' అని ఒక్క ఊపులో రాసేశాను. ఇంత సులువుగా అబద్ధం రాయగలిగిన దాన్ని ఇన్నాళ్ళూ ఎన్ని నిజాలు రాశానో అని మాత్రం అనుమానం వచ్చింది.

ఫ్రీ టీ4: 0.5. కింది గీత 0.8 దగ్గర ఉంది. టీ3 గీతను అంటుకుని ఉంది. టీఎస్‌హెచ్ 1.7, ఏమీ ఎరగనట్టు.

నిన్న మధ్యాహ్నమే గోడ తెర మీది డాక్టరు నన్ను పిలిచాడు. మనిషి కాదు, మాట మాత్రం అమృతం.

"స్వరూప గారూ, మీకు అలసటగా ఉంటోందా అమ్మా?"

"ఉంటోంది."

"చలి ఎక్కువగా అనిపిస్తోందా?"

నుదుటి చెమట కొంగుతో తుడుచుకుని, "చాలా" అన్నాను.

"గొంతులో మార్పు?"

నేను దగ్గి, గొంతు బొంగురు చేసి "ఉందండీ" అన్నాను. నలభై ఆరేళ్ళ వయసులో, ఎమ్మెస్సీ పట్టాతో, ఒక గోడ ముందు నా మొగుడి వేషం వేశాను.

డాక్టరు తెలివైనవాడే. టీఎస్‌హెచ్ పెరగకుండా టీ4 తగ్గిందంటే లోపం పైన, పిట్యూటరీలో ఉండొచ్చునన్నాడు. ఉదయంపూట కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోన్ చూడకుండా థైరాక్సిన్ గోలీ మొదలుపెట్టకూడదన్నాడు. అదీ తక్కువగా ఉంటే ఈ గోలీ ప్రాణం మీదికి తెస్తుందట. నేను భయపడింది అప్పుడు. గోలీలు దొరికితే చాలనుకుని మర్నాడే వేసేసేదాన్ని.

కార్టిజాల్ పరీక్ష ఆడవాళ్ళ వరుసలో లేదు. బాధ్యతల ఒత్తిడి మగవాళ్ళకే ఉంటుందని దాన్ని వాళ్ళ వైపు పెట్టారు. ఇందుకైతే ఓదెలు సొంత పేరే పనికొచ్చింది. ఇవాళ పొద్దున్నే సూది గుచ్చాను. ఒకే ఒంటి రక్తం రెండు పేర్లతో రెండు వరుసల్లో నిలబడింది. కార్టిజాల్ బాగుంది. ఆ అంకె నాదేనని తెర డాక్టరుకు చెబితే గోలీలు నా పేరున వచ్చాయి, చిన్న మోతాదు.

22వ వారం, బుధవారం

"ఇది నీ గోలీ గాదే?" అన్నాడు ఓదెలు సీసా తిప్పి చూసి. "నీ పేరున్నది."

"పేరు నాది, జబ్బు నీది. పరగడుపున మింగు. చాయ్ అరగంట ఆగి తాగు."

"ఆడోళ్ళ గోలీ మింగి నేను మొగోని లెక్క మెట్లెక్కాల్నా?"

"మొగోళ్ళ సూది ఏసుకుని ముసలోని లెక్క ఎక్కుతున్నవు గదా. ఇది గూడ సూడు."

చాలాసేపు ఆలోచించాడు. ఈ మధ్య దేనికైనా చాలాసేపే.

"ఎవ్వలకు చెప్పకు స్వరూపా."

"చెప్ప."

ఈ మాట ఇచ్చినట్టు ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

29వ వారం, శనివారం

డాక్టరు చెప్పినట్టే మధ్యలో ఒకసారి మోతాదు పెంచాను. మూడో వారంలో గొంగడి కాళ్ళ దాకా దిగింది. ఐదో వారంలో మడతపడింది. నిన్న స్నానం చేసి, నీళ్ళు వేడిగా ఉన్నాయని నన్నే తిట్టాడు. ఇంత ఆనందంగా నేనెప్పుడూ తిట్లు తినలేదు.

ఇవాళ మస్టర్‌లో ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు. దిగి వచ్చాక పాత జోకు ఒకటి గుర్తుచేసుకుని నవ్వాడట కూడా.

ఇక్కడితో రాత ఆపేస్తే బాగుండేది.

కిష్టస్వామి ఓదెలును మస్టర్ గోడ ముందు నిలబెట్టి భుజం తట్టాడట. "సూసిండ్రా? డోసు పెంచినంక బద్దకం ఎట్ల వారిపోయిందో! నెల రెండు నెలలు పట్టింది గంతే" అని అందరికీ చూపించాడు. సాయంత్రానికి కమిటీ ఉత్తర్వు వచ్చింది. నడక మందగించిన నలభై ఒక్క మందికీ వచ్చే మంగళవారం నుంచి రెండింతల డోసు. ఉత్తర్వులో ఉదాహరణగా ఓదెలు పేరు.

నా దొంగతనం వాళ్ళ సాక్ష్యం అయింది.

30వ వారం, బుధవారం

నా ఆలోచన తప్పేమో. డోసు వల్లే బాగుపడ్డాడేమో, గోలీ ఊరికే తోడు వచ్చిందేమో. గోలీ ఆపి చూస్తే తెలుస్తుంది. శాస్త్రమంటే అదే. కానీ ఆపి చూడాల్సింది నా మొగుడి మీద. రెండు రోజులు ఆలోచించి, శాస్త్రం పట్ల నాకున్న గౌరవం అంత దూరం లేదని తేల్చుకున్నాను.

బదులుగా పాత ప్రమాదాల రిజిస్టరు దుమ్ము దులిపాను. ఏడేళ్ళ క్రితం ఓదెలు తల మీద కప్పు పెళ్ల ఊడిపడి మూడు రోజులు తెలివి లేకుండా ఉన్నాడు. గనిలో తలకు దెబ్బ తగలనివాడు తక్కువ, అదొక గొప్పగా చెప్పుకుంటారు. అలాంటి దెబ్బ పిట్యూటరీని కుంగదీయగలదు, ఏళ్ళ తరబడి బయటపడదు. నలభై ఒక్క మంది జాబితా రిజిస్టరు పక్కన పెట్టుకుని వేలితో గీత గీసుకుంటూ పోయాను. పదకొండు మంది తలకు పెద్ద దెబ్బ తగిలినవాళ్ళు. ఆ పదకొండు మందిలో తొమ్మిది మంది ఇప్పుడు చలికి చెవులకు గుడ్డ కట్టుకుని తిరుగుతున్నారు. మిగిలిన ముప్ఫై మందిలో గుడ్డ కట్టుకున్నవాడు ఒక్కడూ లేడు.

సూదిని తప్పు పట్టలేను. లోపల దాగిన లోటు మీద అది దీపం పట్టింది. మేం ఆ వెలుగులో ఏమీ చూడకుండా వత్తి పెంచుతున్నాం.

32వ వారం, మంగళవారం

మూడో పంపు దగ్గర మల్లేశం నిద్రపోయాడు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చినా లేవలేదు. మోసుకొచ్చారు. ఒళ్ళు చల్లగా ఉంది, నాడి నిమిషానికి నలభై ఒకటి. చెవులకు గుడ్డ కట్టుకున్న ఆ తొమ్మిది మందిలో ఇతనొకడు, రెండింతల డోసు వేసుకుంటున్నవాడు. టీఎస్‌హెచ్ చూశారు, పచ్చ దీపం. కాబట్టి జబ్బు లేదు, నిర్లక్ష్యమే. వచ్చే వారం శుక్రవారం నుంచి పై షిఫ్టు.

మల్లేశం భార్య సూదుల గదికి వచ్చి సరోజన చేతులు పట్టుకుంది. "ఎండల వెడితె సచ్చిపోతడు అక్కా" అంటే, మల్లేశం వెనక నుంచి "పోనియ్యే, ఆడన్న ఎచ్చగుంటది" అన్నాడు. నిజంగానే ఆశగా అన్నాడు.

ఇంటికెళ్ళి ఓదెలుకు చెప్పాను.

"కమిటీకి చెప్త."

"ఎవ్వలకు చెప్పనంటివి."

"అంటి."

"గోలీ దొంగతనం. దొంగ పేరు. నీ నౌకరి పోతది. నన్ను పైకి పంపుతరు."

"పంపుతరు కావచ్చు."

పళ్ళెంలో అన్నం కలుపుతూ ఉండిపోయాడు. ఇది జబ్బు మాంద్యం కాదు, నాకు తేడా తెలుసు.

"మల్లేశం నా పెండ్లికి డప్పు కొట్టిండు" అన్నాడు చివరికి. "నీకు యాదికున్నదా? సక్కగ కొట్టలే. అయినా గూడ..."

"యాదికున్నది."

"నేను గూడ వస్త. నీకు మాట్లాడుడు రాదు. మధ్యల అనుమానం వడుతవు."

33వ వారం, గురువారం

కమిటీ పెద్ద లింగుబాయి. అరవై ఏళ్ళ మనిషి, గనిలో మాట ఆమెదే. పక్కన కిష్టస్వామి, ముప్పై నాలుగు డిగ్రీల్లో కోటు వేసుకుని కూర్చున్నాడు. నేను కట్టెలూ పొయ్యీ అంతా చెప్పాను. మధ్యలో అన్నట్టే అనుమానం పడ్డాను. "నూటికి నూరు పాళ్ళని చెప్పలేను గానీ" అన్నాను. ఓదెలు నా మోచేయి పొడిచి, "నేను చెప్త" అని జేబులోంచి గోలీ తీసి అందరి ముందూ మింగాడు.

"ఇదీ నా నడక. సూది ఏసుకుంటనే ఉన్న, అది మంచిదే. గనీ ఇది లేకుంటే నేను గొంగడిల మూట."

"అంటే నా గడియారం తప్పా?" కిష్టస్వామి లేచాడు. "మొగోనికి థైరాయిడ్ అని రాస్తే రేపు పనికి రానోడల్లా మెడ సూపిస్తడు!"

"చూపించనీ సారూ, మెడలో అంకె అబద్ధమాడదు" అన్నాను.

అప్పుడు నేను అనకూడని మాట అన్నాను. ఇంతవరకు పై షిఫ్టుకు పోయిన ఆరుగురిలో నలుగురి పేర్లు ప్రమాదాల రిజిస్టరులో తల దెబ్బల పేజీలో ఉన్నాయని.

లింగుబాయి అందుకుంది. "మా తమ్ముడు గూడ గొంగడి కప్పుకుని పోయిండు. నేనే సంతకం వెట్టిన." ఎవరి వైపూ చూడలేదు. "బద్దకమన్నరు. నేను గూడ అన్న."

నేననుకున్నాను, ఇక తీర్మానం మారుతుందని. మారలేదు. మారిస్తే ఆ ఆరుగురికీ జవాబు చెప్పాలి, జవాబు చెప్పే ఓపిక ఆ బల్ల చుట్టూ ఎవరికీ లేదు. లింగుబాయికీ లేదు. ఆమె కళ్ళు తుడుచుకుని ఒక ఏర్పాటు చెప్పింది. థైరాయిడ్ పరీక్ష ఆడవాళ్ళ వరుసకే ఉంటుంది. అవసరమున్న మగవాళ్ళు ఇంట్లో ఒక ఆడమనిషి పేరు మీద వచ్చి చేయించుకోవచ్చు, గోలీలు తీసుకోవచ్చు. ఎవరూ అడగరు. నలభై ఒక్క మందికి పెంచిన డోసు తిరిగి దిగుతుంది, ఉత్తర్వు లేకుండా. మల్లేశం పై షిఫ్టు 'వాయిదా'.

"మరి నా నేరం?" అన్నాను.

"ఏం నేరం? నీకు థైరాయిడ్ ఉన్నది, గోలీలు తీసుకుంటున్నవు. పుస్తకంల గట్లనే ఉన్నది గదా" అంది లింగుబాయి.

34వ వారం, సోమవారం

ఆడవాళ్ళ వరుసలో పదకొండు మంది మగవాళ్ళు. ముందూ వెనకా ఆడవాళ్ళు. ఏ పేరున వచ్చిన మగవాణ్ణి ఆ పేరుతోనే పిలుస్తూ గదంతా గోలగోల.

"ఏం రాజవ్వా, మీసం మంచిగ పెరిగింది!"

"ఓ పోశవ్వా, కొంగు సర్దుకోవే, మొగోళ్ళు సూస్తున్నరు!"

మల్లేశం వాళ్ళావిడ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు, దుప్పటి కప్పుకుని. పదకొండు మందిలో పది మందికి లోటు తేలింది. మల్లేశం టీ4 0.3. కార్టిజాల్ కూడా తక్కువ. ముందు దానికి మందు, తర్వాత థైరాక్సిన్. వరుస తప్పితే చంపేదాన్ని.

అందరూ వెళ్ళాక కిష్టస్వామి వచ్చాడు. కోటు గుండీలు మెడదాకా.

"నాకేం లేదు. పదేండ్ల కింద పెళ్ల వడ్డది, గంతే. నువ్వు తల దెబ్బ అంటివి గదా అని..."

"పేరు చెప్పండి సారూ."

ఆయన భార్య పోయి చాలా కాలమైంది, కూతుళ్ళు లేరు. నేల వైపు చూసి, "మా అమ్మ పేరు రాయి. బుచ్చమ్మ" అన్నాడు.

"ఆమె..."

"లేదు. ఉన్నప్పుడు ఆమెకు ఎవ్వలు పరీక్ష జేసిండ్రు గనుక. రాయి."

ఫ్రీ టీ4 0.6.

43వ వారం, శనివారం

రెండు నెలల్లో కిష్టస్వామి కోటు విప్పాడు. గడియారం పట్టుకునే చెయ్యి కాస్త ఉదారంగా మారిందని మస్టర్ దగ్గర చెప్పుకుంటున్నారు. అది థైరాక్సిన్ గుణమో కాదో నేను చెప్పలేను.

52వ వారం, గురువారం

వార్షిక నివేదిక వచ్చింది. చదివాను. రెండుసార్లు చదివాను.

'ఈ ఏడాది స్త్రీలలో థైరాయిడ్ లోపం ఆందోళనకరంగా పెరిగింది. పన్నెండు కొత్త కేసులు. కారణం తెలియరాలేదు, పని తగ్గించుకుని విశ్రాంతి తీసుకోవాలని మహిళలకు సూచన. సూది తీసుకుంటున్న పురుషులలో థైరాయిడ్ లోపం ఒక్కటి కూడా లేదు. పై షిఫ్టు కేసులు లేవు. ఎదుగు సూది కార్యక్రమాన్ని మిగతా ఐదు గనులకూ సిఫారసు చేస్తున్నాము.'

ఐదు గనులు. అక్కడా తల మీద పెళ్లలు పడ్డవాళ్ళుంటారు. సూది వెళుతుంది, మస్టర్ వెళుతుంది, పచ్చ దీపం వెళుతుంది. మా ఆడవాళ్ళ వరుస మాత్రం వెళ్ళదు, అది ఎక్కడా రాసి లేదు కనుక. నివేదిక రేపు ఉదయం ఊరు దాటుతుంది. దాన్ని కట్టకట్టి సంచిలో వేసేది పరీక్షల గదే, అంటే నేనే.

నివేదిక వెనక జతచేయడానికి ఒక కాగితం తీసుకున్నాను. ఎడమ వైపు పన్నెండు మంది ఆడవాళ్ళ పేర్లు, అంకెలు. కుడి వైపు ఖాళీ. అసలు మనుషులు ఒప్పుకుంటేనే రాయాలని నా పంతం. మాట తప్పడం ఒకసారికి చాలు.

మొదటి వరస నా పేరు. కుడి వైపు ఓదెలు తానే రాసుకున్నాడు, నెమ్మదిగా, నాలుక బయటపెట్టి. మల్లేశం వేలిముద్ర వేసి, "ఇప్పుడు నాకు ఉక్కవోస్తుందని గూడ రాయి" అన్నాడు. మధ్యాహ్నానికి పదకొండు నిండాయి. ఇద్దరిని బతిమాలాను, ఒకరిని వాళ్ళావిడ తిట్టి ఒప్పించింది.

కిష్టస్వామి మస్టర్ గదిలో ఉన్నాడు. కాగితం ముందు పెట్టాను. చదివాడు. చదివి పక్కకు నెట్టాడు.

"కాదు. ఐదు గనుల ఓవర్‌మన్లు నవ్వుతరు నన్ను సూసి."

"నవ్వుతారు."

"నువ్వన్న కాదనొద్దా?"

"నాకు తెలియదు సారూ. నవ్వకపోవచ్చు కూడా. వాళ్ళలోనూ కోట్లు వేసుకున్నవాళ్ళుంటారేమో."

నేను కాగితం తీసుకుని లేచాను. పదకొండు పేర్లూ చాలు, పన్నెండోది ఖాళీగా పంపుదామనుకున్నాను. గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి పిలిచాడు.

"గా కాయిదంల మా అమ్మకు జబ్బున్నట్టు పడ్డది గదా?"

"పడింది. బుచ్చమ్మ, 0.6."

"ఆమె తొంభై ఏండ్లు బతికింది. ఒక్కనాడు మంచాన వడలే. పోయిన తెల్లారి గూడ ఆమె కట్టిన కట్టెల మోపు పెరట్ల ఉండె." కుర్చీలోంచి లేచాడు. "ఆమె మీదికి లేని జబ్బు పంపుతవా గనులన్నీ తిరగనీకె?"

నేను కాగితం బల్ల మీద పరిచి పట్టుకున్నాను.

"రాయి" అన్నాడు. "కిష్టస్వామి, ఓవర్‌మన్. మొగోడు."

మూడూ రాశాను. సంచి కట్టాను.